అమ్మమ్మ ఎలా పడింది?

మూడేళ్ళ క్రితం మాట. అక్టోబరులో మా అమ్మ తెనాలి నుంచి మా ఇంటికి వచ్చింది. వచ్చిన వారానికి ఒక ఉదయం కాఫీ తాగుతుంటే ఆమె మోచేతి కింద అరచేయంత మేర కమిలి కనిపించింది. “ఏమైందమ్మా?” అని అడిగాను. “ఏం లేదే. రాత్రి గడప తగిలింది, చెయ్యి గోడకు ఒరుసుకుంది. అంతే” అంది. నేను ఆఫీసు హడావిడిలో ఉన్నాను. “కాస్త చూసుకుని నడవమ్మా” అనేసి కారెక్కాను.

సాయంత్రం మా అమ్మాయి మెల్లగా నా దగ్గరకు వచ్చింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. “అమ్మా, గడప అంటే గుమ్మం కింద అడ్డంగా ఉండే చెక్క కదా? మనింట్లో గడపే లేదుగా. మరి అమ్మమ్మకు ఎలా తగిలింది?” అని అడిగింది. అంతకుముందు ఆదివారమే తెలుగు బడిలో ఇంటి భాగాల పేర్లు చెప్పారట. గడప, వాకిలి, వసారా, పెరడు.

అప్పుడు అమ్మను కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. రాత్రి రెండు గంటలకు బాత్రూముకు వెళ్ళాలని లేచింది. నాలుగడుగులు వేసేసరికి కళ్ళు తిరిగాయి. చేతికి అందిన టవల్ కడ్డీ పట్టుకుంది. అది గోడలోంచి ఊడి చేతిలోకి వచ్చింది. తను కింద పడింది. ఎలాగో లేచి, ఆ కడ్డీని మళ్ళీ దాని కన్నంలోనే గుచ్చి, పైన టవల్ ఆరేసి, వచ్చి పడుకుంది. ఎందుకు చెప్పలేదంటే, “మీరు కంగారుపడతారని. పైగా ఇక్కడ డాక్టరు దగ్గరకు వెళితే బోలెడు ఖర్చు అంటారు కదా” అంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ గడప. మన బడి పిల్లల్లో చాలామంది ఇళ్ళకు అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు వచ్చిపోతుంటారు. కొందరు ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్ళు పడకుండా చూసుకోవడం అంత కష్టమైన విద్యేమీ కాదు. కానీ దానికి ముందు ఒక పని జరగాలి. వాళ్ళు పడ్డామని మనకు చెప్పాలి.

పడితే ఏమవుతుంది?

“పెద్దవాళ్ళన్నాక పడుతుంటారు” అని మనం తేలిగ్గా అంటాం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం ఈ దేశంలో 65 ఏళ్ళు దాటినవారిలో ప్రతి నలుగురిలో ఒకరికంటే ఎక్కువమంది ఏడాదికి ఒకసారైనా పడుతున్నారు. వారిలో సగం మంది కూడా ఆ సంగతి డాక్టరుకు చెప్పడం లేదు. ఒకసారి పడినవారు మళ్ళీ పడే అవకాశం రెట్టింపు అవుతుంది. పడి దెబ్బలు తగిలి ఎమర్జెన్సీకి వెళ్ళే సందర్భాలు ఏటా దాదాపు 30 లక్షలు. 2021లో ఇలా పడినందువల్ల చనిపోయిన పెద్దలు 38 వేల మందికి పైగా ఉన్నారు.

తుంటి ఎముక విరిగితే ఆపరేషను, నెలల తరబడి మంచం, ఆ తర్వాత కూడా ఒకరి సాయం లేకుండా నడవలేని పరిస్థితి. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడి మెడికేర్ ఉండదు. కనుక విజిటర్ ఇన్సూరెన్సు కొనేటప్పుడు ప్రీమియం ఒక్కటే చూడకండి. ఆసుపత్రి ఖర్చులో ఎంతవరకు ఇస్తారు, ముందునుంచి ఉన్న జబ్బుల సంగతేమిటి అన్నవి చదివి కొనండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

తెలుగులో పడడం నాలుగు రకాలు

“పడ్డావా?” అని అడిగి ఊరుకోకూడదు. “ఎలా పడ్డావు?” అని అడగాలి. మన భాషలో దానికి చక్కటి మాటలున్నాయి. జారి పడ్డాను, తట్టుకుని పడ్డాను, తూలి పడ్డాను, కళ్ళు తిరిగి పడ్డాను. ఈ నాలుగూ ఒకటి కాదు. ఒక్కో మాట ఒక్కో కారణాన్ని చూపిస్తుంది. కారణం తెలిస్తే మందు తెలిసినట్టే.

1. జారి పడడం. ఇక్కడ తప్పు నేలది, చెప్పులది. మన ఇళ్ళలో ముందుగా చూడవలసింది బాత్ టబ్. మోకాలి ఎత్తు అంచు దాటి, తడి నేల మీద ఒంటికాలి మీద నిలబడి లోపలికి దిగాలి. మన అమ్మలు అందులో బకెట్టు పెట్టుకుని, వంగి మగ్గుతో నీళ్ళు ముంచుకుని స్నానం చేస్తారు. వంగి లేవడం, సబ్బు నీళ్ళు, నున్నటి టబ్, మూడూ కలిస్తే ప్రమాదమే. టబ్‌లో రబ్బరు మ్యాట్ వేయండి. స్నానానికి వాడే ప్లాస్టిక్ కుర్చీ, చేత్తో పట్టుకునే షవర్ అమర్చండి. కూర్చుని స్నానం చేయడం మనవాళ్ళకు పీట మీద అలవాటైన పనే.

టవల్ కడ్డీ ఆసరా కాదని మా ఇంట్లో తెలిసొచ్చింది. అది పలుచటి గోడకు రెండు స్క్రూలతో వేలాడుతుంటుంది. మనిషి బరువు ఆపలేదు. పట్టుకోవడానికి ప్రత్యేకంగా చేసిన గ్రాబ్ బార్లు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని గోడ వెనుక ఉన్న చెక్క దూలానికి పట్టేలా బిగించాలి. టబ్ దగ్గర ఒకటి, కమోడ్ పక్కన ఒకటి ఉంటే మంచిది.

చెక్క నేల మీద ఉత్త సాక్సులతో నడవనివ్వకండి. వెనక పట్టీ లేని హవాయి చెప్పులు కూడా మంచివి కావు. మడమను పట్టి ఉంచే, అడుగున పట్టు ఉన్న బూట్లు ఇంట్లో వాడుకోవడానికి ఒక జత కొనివ్వండి. “ఇంట్లో చెప్పులేమిటి, అపచారం” అని మా అమ్మ మొదట ఒప్పుకోలేదు. పూజగదికి బయటే విడిచే షరతు మీద రాజీ కుదిరింది.

చలికాలంలో వాకింగ్ అంటే ఇంకో జాగ్రత్త. రోడ్డు రంగులో కలిసిపోయి కంటికి కనపడని పలుచటి మంచు పొర అన్నింటికంటే ప్రమాదం. ఉప్పు చల్లకముందు పెద్దవాళ్ళను డ్రైవ్‌వే మీదికి పంపకండి. తప్పనిసరైతే చేతులు జేబుల్లోంచి తీసి, చిన్న చిన్న అడుగులతో, పాదం మొత్తం ఆనిస్తూ నడవాలి. పిల్లలూ, పెంగ్విన్ నడక ఎలా ఉంటుందో తాతయ్యకు చేసి చూపించే పని మీది.

2. తట్టుకుని పడడం. ఇక్కడ దారికి అడ్డం వచ్చినదాన్ని, దాన్ని చూడలేకపోయిన కంటిని, రెండింటినీ చూసుకోవాలి. అంచు పైకి లేచిన చిన్న రగ్గులు, ఫోను ఛార్జరు తీగలు, మెట్ల మీద వదిలేసిన బొమ్మలు, తెరిచి ఉంచిన డిష్‌వాషర్ తలుపు. ఒక సాయంత్రం ఇల్లంతా తిరిగి ఇవన్నీ తీసేయండి. చీర కుచ్చిళ్ళు, నైటీ అంచు నేలకు జీరాడుతుంటే మెట్లు దిగేటప్పుడు కాలికింద పడతాయి. రెండంగుళాలు పైకి ఉంటే చాలు.

మెట్లకు రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. అన్ని మెట్లూ ఒకే రంగు కార్పెట్ అయితే ఆఖరి మెట్టు ఎక్కడుందో తెలియదు. దాని అంచుకు వేరే రంగు టేపు అంటించండి. దూరానికీ దగ్గరకూ ఒకే అద్దం ఉన్న కళ్ళజోడు పెట్టుకుని మెట్లు దిగితే, కింది భాగంలోంచి చూసినప్పుడు మెట్టు మసకగా కనబడుతుంది. బయట నడవడానికి దూరపు చూపు అద్దాలు విడిగా ఉంటే మంచిదేమో కంటి డాక్టరును అడగండి. కంట్లో శుక్లం ఉంటే ఆపరేషను వాయిదా వేయకండి.

కొత్తగా వచ్చినవారికి మొదటి రెండు వారాలు మరీ జాగ్రత్తగా చూడాలి. జెట్ లాగ్ వల్ల అర్ధరాత్రి మెలకువ వస్తుంది. ఇల్లు కొత్త. మెట్లు ఎటో, బాత్రూము ఎటో చీకట్లో తెలియదు. “లైటు వేస్తే పిల్లలు లేస్తారు” అని తడుముకుంటూ వెళతారు. మనిషి కదలికకు తానే వెలిగే చిన్న రాత్రి దీపాలు నాలుగైదు కొని మంచం నుంచి బాత్రూము దాకా పెట్టండి. వీలుంటే కింది అంతస్తు గది ఇవ్వండి.

3. తూలి పడడం. నేల జారలేదు, కాలికి ఏదీ అడ్డం రాలేదు, అయినా పడ్డారు. ఇక్కడ కారణం ఒంట్లో ఉంది. తొడ కండరాలు బలహీనపడి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారికి అరికాళ్ళు మొద్దుబారి, నేల సరిగా తెలియకపోవచ్చు. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు మనిషిని తూలేలా చేస్తాయి. ఇంట్లో సామాన్లు సర్దితే ఈ రకం తగ్గదు. డాక్టరుకు చెప్పాలి, వ్యాయామం చేయాలి. వ్యాయామం సంగతి కింద రాశాను.

4. కళ్ళు తిరిగి పడడం. మా అమ్మది ఇదే. మనం పడుకుని లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. గుండె, రక్తనాళాలు వెంటనే సర్దుకుని మెదడుకు రక్తం పంపాలి. వయసు వల్ల, బీపీ మాత్రల వల్ల, ఒంట్లో నీరు తక్కువైనందువల్ల ఆ సర్దుబాటు ఆలస్యమైతే కళ్ళకు చీకట్లు కమ్ముతాయి. దీన్ని కనిపెట్టడం సులువు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూస్తారు. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూస్తారు. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే దాని సంగతి చూడవలసిందే.

మా అమ్మకు పై అంకె 26 తగ్గింది. డాక్టరు అన్ని మాత్రలూ బల్ల మీద పెట్టమన్నారు. గుంటూరులో రాసిన బీపీ మాత్రలు రెండు. వాటి పక్కన, జెట్ లాగ్‌తో నిద్రపట్టడం లేదంటే నేను ఇక్కడ మందుల షాపులో కొనిచ్చిన, పేరు చివర ‘పీఎం’ అని ఉన్న మాత్ర. అందులో డైఫెన్‌హైడ్రమిన్ అనే మందు ఉంటుందని, అది పెద్దవాళ్ళకు మత్తు, తూలు, తికమక తెస్తుందని, చీటీ లేకుండా దొరికినంత మాత్రాన పెద్దవాళ్ళకు మంచిది కాదని అప్పుడు తెలిసింది. ఇచ్చింది నేనే. అలర్జీకి, జలుబుకు వాడే కొన్ని మందుల్లోనూ అది ఉంటుంది. డబ్బా మీద చదివి, ఫార్మసిస్టును అడిగి ఇవ్వండి.

ఆ మాత్ర ఆపించి, బీపీ మాత్రల్లో ఒకదాని వేళ డాక్టరు మార్చారు. మళ్ళీ కళ్ళు తిరగలేదు. బీపీ మాత్రలను మాత్రం మనంతట మనం ఆపకూడదు. లేచేటప్పుడు మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, ఆ తర్వాత నిలబడడం అలవాటు చేయించండి. ఏకాదశి అనీ కార్తీక సోమవారం అనీ ఉపవాసం ఉండేవారు, షుగరు, బీపీ మందులు వాడుతుంటే ముందుగా డాక్టరును అడగాలి. స్పృహ తప్పి పడితే, గుండె దడతో పడితే, ఇంట్లో చిట్కాలు వద్దు. వెంటనే చూపించాలి.

“నువ్వు కూర్చో అమ్మా”

అమ్మ పడిన తర్వాత నేను ఇంకో పొరపాటు చేశాను. ఏ పనీ చేయనివ్వలేదు. నీళ్ళు కూడా చేతికే అందించాను. “నువ్వు కూర్చో అమ్మా, నేను చూసుకుంటా” అన్నాను. ప్రేమతోనే. మన ఇళ్ళన్నింటిలో జరిగేది ఇదే. పడతామన్న భయంతో కదలరు. కదలకపోతే కాళ్ళలో బలం తగ్గుతుంది. బలం తగ్గితే నిజంగానే పడతారు.

దీనికి విరుగుడు వ్యాయామం. కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య సమీక్షా సంస్థ 2019లో 108 పరిశోధనలను కలిపి చూసింది. వ్యాయామం చేసిన పెద్దల్లో పడడం 23 శాతం తగ్గింది. ముఖ్యంగా సమతూకం, కుర్చీలోంచి లేవడం వంటి కదలికలు నేర్పే వ్యాయామాలకు ఈ గుణం ఉంది. ఒక్క నడకతోనే ఇది వస్తుందని మాత్రం తేలలేదు. మనవాళ్ళు “రోజూ వాకింగ్ చేస్తున్నాంగా” అంటారు. నడక మంచిదే, మానవద్దు. దానికి తోడు ఇవి కావాలి:

కిచెన్ కౌంటర్ పట్టుకుని మడమలు పైకెత్తి దించడం, పదిసార్లు. అదే కౌంటర్ పక్కన, ఒక పాదం వేళ్ళకు రెండో పాదం మడమ ఆనించి నిలబడడం. ఇలా పట్టుకోకుండా పది సెకన్లు నిలబడలేకపోతే పడే అవకాశం ఎక్కువని గుర్తు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం. దగ్గరలో సీనియర్ సెంటర్ ఉంటే తాయ్ చీ తరగతులు ఉన్నాయేమో కనుక్కోండి. నిదానంగా బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చే ఈ చైనా వ్యాయామం సమతూకానికి బాగా పనిచేస్తుంది.

పిల్లలూ, ఇక్కడ మీకొక ఆట. కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. అమ్మమ్మ చేతులు గుండెల మీద కట్టుకుని కూర్చోవాలి. మీరు స్టాప్‌వాచ్ పెట్టి తెలుగులో లెక్కపెట్టండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలదు? అమ్మో నాన్నో పక్కన నిలబడే ఉండాలి. సీడీసీ లెక్క ప్రకారం 70 నుంచి 74 ఏళ్ళ వారిలో ఆడవారు 10 కన్నా, మగవారు 12 కన్నా తక్కువ చేస్తే కాళ్ళలో బలం చాలదని అర్థం. 75 నుంచి 79 మధ్య అయితే ఆ అంకెలు 10, 11. మా అమ్మకు అప్పుడు 72 ఏళ్ళు. మొదటి రోజు 7 దగ్గర ఆగిపోయింది.

పడిపోతే వెంటనే ఏం చేయాలి?

చంకల కింద చేతులు పెట్టి గబుక్కున లేపకండి. ఒక నిమిషం అలాగే ఉండనిచ్చి ఎక్కడ నొప్పో అడగండి. తలకు దెబ్బ తగిలినా, కాలు కదపలేకపోయినా, ఒక కాలు పొట్టిగా అయి బయటికి తిరిగి కనిపించినా 911కు ఫోన్ చేయండి. నూనె రాసి మర్దన చేయడం, కాలు పట్టి లాగడం వద్దు. ఆపరేషను అవసరం కావచ్చు కనుక తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి. రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి తల తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

దెబ్బలేమీ లేకపోతే వాళ్ళంతట వాళ్ళు లేచే పద్ధతి ఉంది. పక్కకు దొర్లి, మోకాళ్ళ మీదికి వచ్చి, గట్టి కుర్చీ దాకా పాకి, చేతులు దాని మీద ఆనించి, ఒక పాదం ముందుకు వేసి లేవాలి. కుర్చీ తెచ్చి ముందు పెట్టడం పిల్లలు చేయగల సాయం.

పిల్లల తెలుగు చేసే పని

డాక్టరు దగ్గర జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. నేను కౌంటర్ దగ్గర కాగితాలు నింపుతుంటే, నర్సు అమ్మను, మా అమ్మాయిని లోపలికి పిలిచింది. అమ్మ “కళ్ళు తిరిగాయి” అంది. మా అమ్మాయి మాటకు మాట ఇంగ్లీషులో చెప్పింది. నేను వెళ్ళేసరికి కాగితం మీద “కంటి సమస్య” అని రాసి ఉంది! పిల్ల తప్పు కాదు, నర్సు తప్పూ కాదు. పెద్ద ఆసుపత్రుల్లో అడిగితే ఫోనులోనైనా తెలుగు దుబాసీని ఇస్తారు. వైద్యం విషయాలకు పిల్లల మీద ఆధారపడకుండా దుబాసీని అడగండి.

కానీ డాక్టరు దాకా వెళ్ళే ముందు, ఇంట్లో మొదట వినేది పిల్లలే. మేము ఆఫీసుల్లో ఉంటాం, వాళ్ళు అమ్మమ్మ పక్కన ఉంటారు. కళ్ళకు చీకట్లు కమ్మడం వేరు, గది గిర్రున తిరగడం వేరు. మొదటిది బీపీ కావచ్చు. పడక మీద పక్కకు తిరిగినప్పుడల్లా గది తిరిగితే చెవి లోపలి సమస్య కావచ్చు, దానికి తలను ఒక పద్ధతిలో తిప్పి సరిచేసే చికిత్స ఉంది. తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు. ఈ మాటల తేడా తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే అమ్మమ్మకు అది పెద్ద అండ.

అందుకే ఈ సంచిక చదివే పిల్లలందరికీ ఒక హోంవర్క్. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళను, ఇండియాలో ఉంటే ఫోనులో, ఈ మూడు ప్రశ్నలు అడగండి.

“అమ్మమ్మా, ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డావా? ఎలా పడ్డావు?”

“తాతయ్యా, నిలబడినా నడిచినా తూలినట్టు ఉంటోందా?”

“నానమ్మా, పడతానేమోనని భయం వేస్తోందా?”

ఒక్కదానికి “అవును” అన్నా అమ్మానాన్నలకు చెప్పండి. ఇండియాలో ఒంటరిగా ఉన్నవారైతే బాత్రూము గచ్చు తడిగా ఉంటోందా, పెరట్లో నాచు పట్టిందా అని కూడా అడగండి.

పెద్దలకు నేను చెప్పేది ఒక్కటే. అమ్మ పడ్డానని చెప్పినప్పుడు “చూసుకుని నడవొద్దూ?” అని విసుక్కోకండి. నేను ఆ మాటే అన్నాను. ఆ మాట విన్నవాళ్ళు రెండోసారి పడితే చెప్పరు.

మా అమ్మ ఈ ఏడాది మళ్ళీ వచ్చింది. మా అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుంది. 11 సార్లు లేచింది. పన్నెండోసారి సగంలో టైమైపోతే, “ఇది కూడా లెక్కేనే చిట్టితల్లీ” అని మనవరాలితో దెబ్బలాడింది. వచ్చిన నాలుగో రోజు బాత్రూములో కాలు జారబోయిందట. గ్రాబ్ బార్ పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ సంగతి కాఫీ దగ్గర తనే చెప్పింది, ఎవరూ అడగకుండానే.